యోధాజీవుని కన్నీరు, మిజుషిమా వీణ

సంయుత్త నికాయంలోని గామణి సంయుత్తంలో మూడవది యోధాజీవ సుత్తం. నిడివిలో చిన్నది. యుద్ధమే జీవికగా గల ఒక గామణి బుద్ధుని దర్శించి, తన వృత్తిలో తరతరాలుగా వినవస్తున్న ఒక మాటను ఆయన ముందుంచుతాడు. యుద్ధభూమిలో పూనికతో పోరాడుతూ శత్రువుల చేతిలో హతుడైనవాడు ఒకానొక దేవలోకంలో జన్మిస్తాడని పూర్వాచార్యులు, వారి ఆచార్యులు చెప్పారు. దీనిని గురించి భగవానుని అభిప్రాయమేమిటని అడుగుతాడు. బుద్ధుడు ఆ ప్రశ్నను రెండుసార్లు వారిస్తాడు. మూడవసారి కూడా అడిగినప్పుడు సమాధానమిస్తాడు. ఎదుటివారు చావాలి, నశించాలి అని తలచే చిత్తం అప్పటికే హీనమై, తప్పుదారిన నిలిచి ఉంటుంది. అట్టి చిత్తంతో మరణించినవాడు చేరేది నరకం. గురువులు ఏ పేరుతో స్వర్గం ఉన్నదన్నారో ఆ పేరుతో ఉన్నది నరకమేనని ఆయన తెలియజేస్తాడు. యోధుడు విలపిస్తాడు.

సుత్తం ఇక్కడితో ముగిసి ఉంటే అది కర్మఫలాన్ని గురించిన హెచ్చరికగా మాత్రమే మిగిలేది. అయితే ఆ యోధుడు తన కన్నీటికి కారణాన్ని తానే వివరిస్తాడు. బుద్ధుడు చెప్పిన ఫలితానికి భయపడి తాను ఏడవడం లేదని, ఇంతకాలం ఆచార్య ప్రాచార్యులు తనను మోసగించారని, వంచించారని తెలిసి ఏడుస్తున్నానని అంటాడు. ఈ ఒక్క మాటతో సంభాషణ దిశ మారిపోతుంది. ప్రశ్న మొదలైనప్పుడు విషయం ఒక సైనికుని పరలోకగతి. ముగిసేనాటికి విషయం ఆ సైనికుని యుద్ధానికి నడిపించిన వాగ్దానం, ఆ వాగ్దానం చేసినవారి బాధ్యత. గామణి అనే పదానికి నాయకుడని అర్థం. తాను విన్న మాటనే ఆయన తన వెంట నడిచిన యువకులకు చెప్పి ఉంటాడా? సుత్తం ఆ సంగతి ఎత్తదు. పదం మాత్రం ఆ అనుమానానికి తావిస్తుంది.

యుద్ధం పట్ల సైనికుని విరక్తిని చిత్రించే రచనలను పరిశీలించడానికి ఈ సుత్తం ఒక గీటురాయి. విరక్తుడైన సైనికుడు దేనికి దుఃఖిస్తున్నాడు? తాను కోల్పోయిన సహచరులకా, తాను చంపినవారికా, తన పరలోకానికా, లేక తనను పంపిన మాటలోని అసత్యానికా? ఈ నాలుగూ వేర్వేరు దుఃఖాలు. బౌద్ధ సమాజాలలో యుద్ధవిముఖతకు ఉదాహరణగా ఎంతో గౌరవం పొందిన 'బర్మా వీణ'ను ఈ గీటురాయిపై గీసి చూడడం అవసరం.

తకెయామా మిచియో రచించిన ఈ నవల 1947, 1948 సంవత్సరాలలో 'అకతొంబొ' అనే పిల్లల పత్రికలో ధారావాహికగా వెలువడింది. ఇచికావా కొన్ దర్శకత్వంలో 1956లో చలనచిత్రమైంది. చిత్రానువాదం వాదా నత్తో, సంగీతం ఇఫుకుబె అకిరా. అదే దర్శకుడు 1985లో ఈ కథను మళ్ళీ రంగుల్లో తీశాడు. 1956 నాటి నలుపు తెలుపు చిత్రమే నేటికీ ఎక్కువగా చర్చకు వస్తుంది.

కథ 1945లో, జపాను సైన్యం బర్మాలో ఓడి వెనుదిరుగుతున్న వేళ మొదలవుతుంది. ఇనొవుయె అనే కెప్టెన్ సంగీతం చదువుకున్నవాడు. తన దళానికి బృందగానం నేర్పాడు. మిజుషిమా అనే సైనికుడు బర్మా వీణను వాయిస్తాడు. విల్లు ఆకారంలోని ఈ వాద్యం తెలుగునాట పరిశోధకులకు అపరిచితం కాదు. అమరావతి శిల్పాలలో కనిపించే ధనురాకార వీణకు ఇది బంధువు. భారతదేశంలో ఆ వీణ వాడుక తప్పిపోగా బర్మాలో నిలిచింది. దళం లొంగిపోయిన తరువాత, త్రికోణ పర్వతంపై ఇంకా పోరాడుతున్న మరొక దళానికి యుద్ధం ముగిసిందని చెప్పి ఒప్పించడానికి మిజుషిమాను పంపుతారు. ముప్ఫై నిమిషాల గడువు. వారు వినరు. ఫిరంగుల దాడిలో ఆ దళం నశిస్తుంది. గాయపడిన మిజుషిమాను ఒక భిక్షువు కాపాడుతాడు. ఆ భిక్షువు స్నానమాడుతుండగా అతని చీవరాన్ని మిజుషిమా దొంగిలించి ధరించి, సహచరులు బందీలుగా ఉన్న ముడోన్ వైపు నడుస్తాడు. దారి పొడవునా అంత్యక్రియలు లేక పడి ఉన్న జపాను సైనికుల శవాలు. చివరకు స్వదేశానికి తిరిగి వెళ్ళక, వాటిని ఖననం చేస్తూ భిక్షువుగా బర్మాలోనే ఉండిపోతాడు.

ఈ చిత్రానికి దక్కిన గౌరవం ఊరక దక్కినది కాదు. శవరాశిని మొదటిసారి చూసినప్పుడు మిజుషిమా తట్టుకోలేక పారిపోతాడు. బ్రిటిష్ ఆసుపత్రికి చెందిన నర్సులు ఒక అనామక జపాను సైనికుని సమాధి వద్ద ప్రార్థనాగీతం పాడడం చూసి సిగ్గుపడి వెనుకకు తిరుగుతాడు. సతిపట్ఠాన సుత్తంలో చెప్పిన శవానుపశ్యన ఇక్కడ ధ్యానవిషయంగా కాక చేతిపనిగా మారుతుంది. చేతులతో మట్టి తవ్వుతున్న ఆ మనిషిని చూపడంలో దర్శకుడు పాటించిన సంయమనం గొప్పది.

వినయదృష్టితో చూసేవారికి కొన్ని అభ్యంతరాలు కలుగుతాయి. ఉపసంపద లేకుండా తానే చీవరం ధరించి సంఘజీవనంలో కలిసేవానిని మహావగ్గం థేయ్యసంవాసకుడంటుంది. అతనికి ఉపసంపద ఇవ్వకూడదంటుంది. వాద్యం వాయించడం సామణేరుల దశశిక్షాపదాలలో ఏడవదానికే విరుద్ధం. తకెయామా ఈ నవల రాసేనాటికి బర్మాను చూడలేదు. థేరవాద సంఘ నియమాలు కథలో సడలిపోవడానికి ఇదొక కారణం. అయినా దొంగ చీవరాన్ని దోషంగా లెక్కించి వదిలివేయడం న్యాయం కాదు. ఆ చీవరాన్ని చూసి రైతులు అతనికి నమస్కరిస్తారు, తాము తినవలసిన అన్నం పెడతారు. తనకు అర్హత లేని ఆ గౌరవమే అతనిని లోలోపల కలచివేస్తుంది. వేషం మనిషిని పరీక్షించడం ఈ చిత్రంలోని బౌద్ధాంశాలలో ముఖ్యమైనది.

అసలు లోపం వినయానికి సంబంధించినది కాదు. అది మిజుషిమా రాసిన ఉత్తరంలో ఉన్నది. ఓడలో స్వదేశానికి మరలుతున్న దళానికి కెప్టెన్ దానిని చదివి వినిపిస్తాడు. లోకంలో ఇంతటి దుఃఖం ఎందుకున్నదని తాను తనను ప్రశ్నించుకున్నానని మిజుషిమా అందులో అంటాడు. ఆ ప్రశ్నకు జవాబు మానవులకు అందదని, మానవులు చేయగలిగినది దుఃఖాన్ని ఉపశమింపజేయడమేనని తేల్చుకుంటాడు. వినడానికి ఇది వైరాగ్యంలా తోస్తుంది. కాని చతురార్యసత్యాలలో రెండవది దుఃఖసముదయం. దుఃఖానికి కారణమున్నదని, అది తెలియదగినదని బోధించేది అదే. త్రికోణ పర్వతంపై మరణించినవారి మరణానికి కారణం మానవబుద్ధికి అందనిది కాదు. లొంగుబాటు మరణంకంటె హీనమని వారికి నేర్పినవారు ఉన్నారు. ఆ నేర్పినవారికి పాఠశాలలు, పత్రికలు, ఆలయాలు, మంత్రిత్వశాఖలు ఉన్నాయి. యోధాజీవుడు ఏ చోట ఆచార్యుల పేరెత్తి ఏడ్చాడో, సరిగ్గా ఆ చోట మిజుషిమా మౌనం వహిస్తాడు.

ఈ మౌనాన్ని చిత్రంలోని ఒక సన్నివేశం మరింత స్పష్టం చేస్తుంది. బందీశిబిరం కంచె అవతల నిలిచి మిజుషిమా సహచరులకు మాటలతో వీడ్కోలు చెప్పడు. వీణపై ఒక పాట వాయిస్తాడు. అది 'అవొగెబ తోతొషి'. జపాను పాఠశాలల్లో చదువు ముగించిన రోజున గురువులకు కృతజ్ఞత తెలుపుతూ పాడే గీతం. విడిపోవడానికి సంకేతంగా ఆ పాట ఎంపిక సహజమే, ప్రేక్షకుల కళ్ళు చెమర్చడమూ సహజమే. కాని యోధాజీవ సుత్తం పక్కన ఉంచి చూస్తే ఇది విపరీతంగా కనిపిస్తుంది. భ్రమలు తొలగిన ప్రాచీన యోధుడు గురువులు వంచించారని ఏడుస్తాడు. భ్రమలు తొలగిన ఆధునిక సైనికుడు గురువులకు వందనం చేసి సెలవు తీసుకుంటాడు.

రచయిత జీవితం ఈ వైరుధ్యానికి నేపథ్యం. తకెయామా టోక్యోలోని మొదటి ఉన్నత పాఠశాలలో జర్మన్ భాష బోధించిన ఉపాధ్యాయుడు. అతని విద్యార్థులు యుద్ధానికి వెళ్ళారు. ఎందరో తిరిగి రాలేదు. 1943లో జపాను ప్రభుత్వం మానవీయశాస్త్రాల విద్యార్థులకు అంతవరకు ఇచ్చిన సైనిక వాయిదాను రద్దు చేసింది. ఆ ఏడాది అక్టోబరు 21న టోక్యోలోని మైజి ఆలయపు క్రీడాంగణంలో, వర్షంలో, వేలాది విద్యార్థులు తుపాకులు భుజాన వేసుకొని కవాతు చేశారు. వీడ్కోలు సభకు వచ్చినవారిలో తోటి విద్యార్థులు, విద్యార్థినులు ఉన్నారు. తకెయామా యుద్ధోన్మాది కాడు. 1940లోనే నాజీ జర్మనీని విమర్శిస్తూ రాసిన ధైర్యం ఆయనది. తాను చదువు చెప్పిన పిల్లల అస్థికలు పరదేశాలలో అనాథలుగా పడి ఉన్నాయనే వేదన నుండి ఈ నవల పుట్టింది. కనుక ఇది ఒక సైనికుని రచన కాదు, సైనికులను సాగనంపిన తరానికి చెందిన ఒక గురువు రచన. గురువు స్థానం నుండి చూస్తే మృతులను పాతిపెట్టడం, వారి కోసం ప్రార్థించడం సాధ్యం. వారు గురువులను నిందించే మాటను వారి నోట పలికించడం కష్టం.

కెప్టెన్ ఇనొవుయె పాత్ర చిత్రణలోనూ ఈ కష్టమే కనిపిస్తుంది. అతడు దయాళువు, పాట నేర్పినవాడు, తన దళాన్ని సజీవంగా ఇంటికి చేర్చడమే ధ్యేయంగా పెట్టుకున్నవాడు. త్రికోణ పర్వతంపై నాయకుడు మొండివాడు, మూఢుడు. మంచి నాయకుడు, చెడ్డ నాయకుడు అని కథ వేరుచేస్తుంది. ఇద్దరూ ఒకే సైన్యంలో, ఒకే దండయాత్రలో, ఒకే ఆజ్ఞకు లోబడి ఆ యువకులను బర్మాకు నడిపించారన్న సంగతి ఈ విభజన వెనుక మరుగున పడుతుంది. మూడు లక్షలకు పైగా సైనికులను జపాను బర్మాకు పంపగా అందులో సగానికి మించి తిరిగి వెళ్ళలేదు. అంతటి నష్టాన్ని కొందరు నాయకుల మొండితనంతో వివరించడం సాధ్యం కాదు.

గురువులు రాయలేని మాటను ఒక శిష్యుడు రాశాడు. వతనబె కియొషి గ్రామీణ కుటుంబంలో పుట్టి, యౌవనం పూర్తిగా రాకముందే స్వచ్ఛందంగా నౌకాదళంలో చేరాడు. 1944 అక్టోబరులో ఫిలిప్పీన్సు సముద్రజలాలలో మునిగిపోయిన 'ముసాషి' యుద్ధనౌక నుండి బతికి బయటపడ్డాడు. ఓటమి తరువాతి నెలల దినచర్యను 'భగ్నమైన దైవం' అనే అర్థమిచ్చే శీర్షికతో 1977లో ప్రచురించాడు. చక్రవర్తి కోసం మరణించడమే పరమధర్మమని నమ్మిన ఆ యువకుడు, 1945 సెప్టెంబరులో అదే చక్రవర్తి అమెరికా సేనాపతి పక్కన నిలిచి ఉన్న ఛాయాచిత్రం చూసి కుప్పకూలిపోతాడు. సైన్యంలో తాను పొందిన జీతం, భోజనం, దుస్తులు అన్నింటికీ లెక్క కట్టి, నాలుగు వేల యెన్లకు పైబడిన ఆ మొత్తాన్ని చక్రవర్తికే తిరిగి పంపి, ఇక ఋణం లేదని రాస్తాడు. ఇది యోధాజీవుని కన్నీటికి ఇరవయ్యవ శతాబ్దపు రూపం.

వతనబె అంతటితో ఆగకపోవడం గమనించదగినది. మొదట అతని కోపం తనను మోసగించినవారిపైనే. క్రమంగా, తెలుసుకోకుండా నమ్మిన తన బాధ్యత ఏమిటని ప్రశ్నించుకోవడం మొదలవుతుంది. మోసపోయాననడం నిజమే అయినా, ఆ మాట వెనుక దాగి తాను చేసిన పనిని మరచిపోయే ప్రమాదముంది. సుత్తంలో బుద్ధుడు గామణి ప్రశ్నకు జవాబుగా ఆచార్యుల తప్పును కాక యోధుని చిత్తస్థితిని ముందు చెప్పడంలోని ఔచిత్యం ఇక్కడ బోధపడుతుంది. చిత్తం యోధునిది, మాట ఆచార్యులది. సుత్తం రెండింటినీ విడువదు. వతనబె రెండవదాని నుండి మొదటిదానికి నడిచాడు. మిజుషిమా ఈ రెండింటినీ దాటి నేరుగా కరుణ దగ్గరకు వెళ్ళాడు. ఆ కరుణ నిజమైనదే, కాని దాని కింద పునాది ఒక వరుస తక్కువగా ఉన్నది.

ఈ విమర్శ సంఘాన్ని కూడా తాకుతుంది. విరక్తుడైన సైనికునికి బౌద్ధసంప్రదాయం ఇచ్చిన సమాధానాలు ఒకే తీరుగా లేవు. మహావగ్గంలో మరొక కథ ఉంది. మగధ సరిహద్దులో తిరుగుబాటు చెలరేగినప్పుడు బింబిసారుని పేరుపొందిన యోధులు కొందరు, యుద్ధానికి పోతే పాపం మూటగట్టుకుంటామని తలచి సంఘంలో చేరి ప్రవ్రజ్య పొందారు. సేనాపతులు ఫిర్యాదు చేశారు. రాజభటులకు ప్రవ్రజ్య ఇచ్చిన ఉపాధ్యాయునికి శిరచ్ఛేదమే తగిన శిక్ష అని న్యాయాధికారులు పలికారు. బింబిసారుడు విన్నవించగా, రాజభటునికి ప్రవ్రజ్య ఇవ్వరాదనే నియమం ఏర్పడింది. సంఘం మనుగడకు ఆ నియమం అవసరమై ఉండవచ్చు. అయితే ఆ యోధుల ఆలోచన తప్పని వినయం ఎక్కడా అనలేదు. తలుపు మూసుకున్నది, తలుపు తట్టినవారి మాట మాత్రం గ్రంథంలో చెరగకుండా నిలిచింది.

సింహళ మహావంశం 25వ పరిచ్ఛేదంలో సమాధానం వేరు. యుద్ధంలో మరణించినవారిని తలచి కుమిలిపోతున్న దుట్ఠగామణి రాజును అర్హంతులు ఓదారుస్తారు. చనిపోయినవారిలో మనుష్యులుగా లెక్కించదగినవారు ఒకటిన్నర మందేనని, తక్కినవారు పశుప్రాయులని చెబుతారు. యోధాజీవునికి బుద్ధుడు కఠినసత్యం చెప్పి కన్నీరు తెప్పించాడు. ఇక్కడ అర్హంతుల పేరిట కన్నీరు తుడిచి సత్యాన్ని కప్పిపుచ్చారు. ఆధునిక జపానులో కూడా ఆలయాలు యుద్ధానికి తోడు నిలిచాయి. సోతో జెన్ శాఖ 1992లో తన విదేశ ప్రచారచరిత్ర దురాక్రమణతో పెనవేసుకొని సాగిందని అంగీకరిస్తూ పశ్చాత్తాప ప్రకటన చేసింది. 'బర్మా వీణ'లో జపాను భిక్షువు ఒక్కడూ కనిపించడు. మిజుషిమా బౌద్ధాన్ని బర్మాలో కొత్తగా కనుగొన్నట్లు కథ నడుస్తుంది. అతని స్వదేశంలోని ఆచార్యులు ఆ సంవత్సరాలలో ఏమి బోధించారన్న ప్రశ్న ఈ విధంగా కూడా తప్పిపోతుంది.

మరొక లోపాన్ని చెప్పక తప్పదు. బర్మా నేలపై జరిగిన యుద్ధంలో మరణించినవారు జపాను సైనికులే కాదు. చిత్రంలో చెప్పుకోదగిన బర్మీయ పాత్ర ఒక వృద్ధ వర్తకురాలు. ఆమె కూడా సైనికులతో జపాను భాషలోనే మాట్లాడుతుంది. నవలలో నరమాంసభక్షకులైన అడవిజాతి ఘట్టం ఒకటి ఉన్నది. చిత్రం దానిని విడిచిపెట్టి మంచి పని చేసింది. రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ కాయకష్టం చేసిన తెలుగువారిని బర్మీయులు కోరంగి రేవు పేరుతో పిలిచేవారు. 1942లో జపాను సేనలు ముందుకు వచ్చినప్పుడు భారతదేశం వైపు తరలిన లక్షలాది భారతీయులలో వారూ ఉన్నారు. కాలినడకన కొండలు దాటుతూ ఆకలితో, రోగాలతో వేలాదిమంది రాలిపోయారు. మిజుషిమా పాతిపెట్టిన ఎముకల మధ్య ఈ ఎముకలకు చోటు లేదు. తనవారి శవాల వద్దనే ఆగిపోయిన మైత్రి ఇంకా అప్రమాణం కాలేదు.

మృతవీరులను స్మరించడం ఏ దేశానికైనా ప్రాచీనధర్మమే. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు విహారాలు, చైత్యాలు నిలిచిన లోయలోనే యోధులకు, సేనానులకు ఎత్తిన ఛాయాస్తంభాలు దొరికాయి. వారి స్మృతిని ఆ రాళ్ళు నేటికీ కాపాడుతున్నాయి. వారు యువకులుగా ఏ మాట నమ్మి బయలుదేరారో చెప్పడం స్మారకశిలకు అప్పగించిన పని కాదు. ఆ పనిని సుత్తం చేసింది. పురావస్తు పరిశోధకుడు రాతిని చదివేటప్పుడు, భిక్షువు ఉపాసకునికి ధర్మం చెప్పేటప్పుడు ఈ రెండూ ఎదురుగా ఉండడం మేలు.

'బర్మా వీణ'ను విహారాలలోనూ విద్యాసంస్థలలోనూ ప్రదర్శించడం ఆపవలసిన పని లేదు. శత్రువు పాటలో తన పాటను గుర్తుపట్టిన సైనికులను, శవం ముందు మోకరిల్లిన మనిషిని నేటి యువకులు చూడాలి. అయితే ప్రదర్శన ముగిశాక యోధాజీవ సుత్తాన్ని చదివి వినిపించాలి. సైన్యంలో చేరే వయస్సులో ఉన్న శ్రోతకు మిజుషిమా ఉత్తరం యుద్ధం తరువాత ఎలా దుఃఖించాలో నేర్పుతుంది. యుద్ధానికి ముందు ఎవరిని ఏమని ప్రశ్నించాలో గామణి నేర్పుతాడు. మూడుసార్లు అడిగే పట్టుదల అతనిది. బుద్ధుడు రెండుసార్లు వారించి కూడా, అడగడం తప్పని ఒక్కసారైనా అనలేదు. కన్నీరు తుడుచుకొని త్రిశరణాలు స్వీకరించిన ఉపాసకునిగా సుత్తం అతనిని మనకు మిగులుస్తుంది.